బ్రాకెట్ల బేరం

పూలి టీచరుకు కోపం వస్తే తిట్టదు, నవ్వుతుంది. ఆ సంగతి తెలియక తండా పిల్లలు మొదటి నెలంతా ఆమె ఎంత మంచిదో అనుకుని మురిసిపోయారు. పాపం, పిల్లలు!

టేకులపల్లి దాటి అడవిలోకి పోయే రోడ్డు పక్కన ఆ తండా. బడికి రెండు గదులు, ఒక వరండా, ముందు ఒక చేతిపంపు. టీచర్లు ఇద్దరే. ఒకరు హెడ్మాస్టరు వెంకటరామారావుగారు. ఎర్రుపాలెం దగ్గర పొలాలు, తోటలు ఉన్న ఇంటి మనిషి, చొక్కా మడత నలగకుండా ఉద్యోగం చేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. రెండో మనిషి పూలి. ములకలపల్లి వైపు ఇంకో తండాలో పుట్టి, లెక్కలంటే ప్రాణం పెట్టి చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని స్కూటీ మీద వచ్చిపోయే పిల్ల. ఐదో తరగతి లెక్కలు ఆమెవే. ఆ గంట కోసమే ఆమె పొద్దున్నే తల దువ్వుకుంటుందని చెప్పినా అబద్ధం కాదు.

అలాంటిదానికి వచ్చిపడింది ఓ తంటా. చుట్టుపక్కల బడుల టీచర్లంతా ఒకరోజు ఈ బడికి వస్తారట. పూలి పాఠం చెబితే కూర్చుని చూస్తారట. పాఠం గుణకారంలో సహచర ధర్మం. అంటే మూడు అంకెలను గుణించేటప్పుడు ముందు ఏ రెండింటిని బ్రాకెట్లో పెట్టి గుణించినా జవాబు మారదు, అంతే. చెప్పడానికి ఒక్క ముక్క. పిల్లల బుర్రకెక్కించాలంటే మాత్రం దేవుడు దిగిరావాలి.

"ఎందుకమ్మా మీకీ అవస్థ?" అన్నారు హెడ్మాస్టరుగారు. "అటు కొట్టినా ఇటు కొట్టినా ఒకటేనని పాట కట్టి బట్టీ పట్టించండి. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టి, టీ తాగి వెళ్తారు."

"బట్టీ పడితే పండగ దాటంగనే మరిచిపోతరు సార్. వాళ్లంతట వాళ్లకే తెలవాలె."

"సరే, ఈసారికి మీ పద్ధతే కానివ్వండి. తేడా వచ్చిందా, దీపావళి తర్వాత ఐదో తరగతి లెక్కలు నేను తీసుకుంటాను. మీరు ఒకటో తరగతిలో అఆలు దిద్దించుకుందురుగాని."

పూలి నవ్వింది. ఎంత కోపం వచ్చిందో మీరే ఊహించుకోండి. అఆలు దిద్దించడం తక్కువ పనని కాదు, ఆమె ప్రాణం లెక్కల్లో ఉంది. ఆ తరగతి పోతే ఇక రోజూ బడికి రావడానికి స్కూటీ ఒప్పుకున్నా ఆమె మనసు ఒప్పుకోదు.

మర్నాడే బోర్డు మీద బ్రాకెట్ గీసి అడిగింది, "ఇదేంది?" అని.

"చందమామ ముక్క," అన్నారు ఒకరు. "గడ్డి కోసే కొడవలి," అన్నారు ఇంకొకరు. తాత పేరు పెట్టుకున్న బిచ్యా, పేరుకు తగ్గట్టే తాతలా వెనక బెంచీలో కునుకు తీస్తున్నవాడు, కళ్లు తెరవకుండానే, "రెండు కొడవండ్లు టీచర్, ఒకటి ఎడమచేతి వాటం," అన్నాడు. తరగతి గొల్లుమంది. పూలి పుల్లలు తెచ్చింది, చింతగింజలు తెచ్చింది, కుప్పలు పోసింది. చింతగింజలతో పిల్లలు ఎంచక్కా ఆడుకున్నారు. సహచర ధర్మం మాత్రం గడప దాటి లోపలికి రాలేదు.

ఆ వారం టేకులపల్లి సంతకు కూరగాయలకు వెళ్లినప్పుడు పూలికి దారి దొరికింది. అక్కడ టమాటాల కుప్ప వెనక తన ఐదో తరగతి చాంది కూర్చుని ఉంది. వాళ్లమ్మ పక్క కుప్ప దగ్గర ఉంటే ఈ కుప్ప చాందిదే. బడిలో ఎక్కం అడిగితే గోడ వంక చూసే పిల్ల, ఇక్కడ ఒక మీసాల పెద్దమనిషిని చెడుగుడు ఆడిస్తోంది. "గంత తక్కువకు ఎట్లొస్తది తాతా? టమాటలు నీళ్లు పొయ్యకుండ ఊకెనే కాసినయా?" అంటోంది. ఆయన రెండడుగులు పోయి, వెనక్కి వచ్చి, ఆమె చెప్పిన ధరకే కొన్నాడు. కొని, తానే గెలిచినట్టు మీసం దువ్వుకుంటూ పోయాడు.

పూలి అక్కడే నిలబడి నవ్వింది. ఈసారి కోపం కాదు, నిజం నవ్వే.

ఆ ఏడు శ్రావణం వచ్చినా వాన జాడ లేదు. బడి ముందు నాటిన మొక్కలు తలలు వేలాడేశాయి. సోమవారం పొద్దున పూలి ప్రకటించింది. "నాలుగు మొక్కలు మన క్లాసుకు. రోజుకు రెండు పూటలు, పూటకు మూడు చెంబులు. అంటే ఒక్కో మొక్కకు రోజుకు ఆరు చెంబులు. గట్ల నాలుగు మొక్కలకు పొయ్యాలె."

ఒక రోజు పోశారు. రెండో రోజు చాంది లేచింది. "ఆరు మస్తెక్కువ టీచర్. జర తగ్గించుండ్రి."

"తగ్గేది లేదు."

"గట్లంటే ఎట్ల? అందరికీ నచ్చెటట్టు చెప్తున్న. పూటకు అన్ని మొక్కలకు కలిపి పన్నెండు చెంబులు పోస్తం. రెండంటే రెండే పూటలు. ఆరు అన్న మాటే వద్దు."

పూలి మొహం ముడుచుకుంది. లెక్క వేసినట్టు వేళ్లు ముడిచింది, తెరిచింది, నిట్టూర్చింది. "నువ్వు గట్టి పిల్లవే. సరే తీయ్, నాకు నష్టమే అయినా ఒప్పుకుంటున్న."

తరగతి ఈలలు వేసింది. చాంది ఆరు నుంచి రెండుకు దింపిందని తండా అంతా పాకింది. ఇంకో రెండు రోజులకు పూలి ఇంటిపని ఇచ్చింది. పేజీకి ఐదు లెక్కలు, రోజుకు రెండు పేజీలు, అంటే రోజుకు పది లెక్కలు, మూడు రోజులు చేయాలి. చాంది మళ్లీ లేచింది. పది కుదరదంది. పేజీకి ఐదు లెక్కలే చేస్తామంది, కావాలంటే మొత్తం ఆరు పేజీలు తీసుకొమ్మంది. పూలి కళ్లు తుడుచుకున్నంత పని చేసి ఒప్పుకుంది. పది నుంచి ఐదుకు! చాందికి ఆ రోజు మధ్యాహ్నం భోజనంలో స్నేహితులు తమ గుడ్డులో ముక్క కూడా ఇచ్చారు. మోసపోయినవాడికి సన్మానం జరగడం లోకంలో కొత్తేం కాదు గానీ, ఇంత రుచిగా జరగడం అరుదు.

గుట్టు బయటపెట్టింది బిచ్యా. పంపు కొట్టే పని వాడిది. బేరం కాకముందు చేతులు ఎంత గుంజాయో, బేరం అయ్యాక కూడా అంతే గుంజుతున్నాయి. బద్ధకస్తుడికి పని ఎంతో తెలిసినట్టు పనిమంతుడికి కూడా తెలియదు. చెంబుకో గులకరాయి వేసి చూశాడు. వేసి, కుప్పను తరగతి మధ్యలోకి తెచ్చి పోశాడు.

"ఇరవై నాలుగు! ముందు గూడ ఇరవై నాలుగే, ఇప్పుడు గూడ ఇరవై నాలుగే! ఏం తగ్గించినవే చాందీ నువ్వు?"

లెక్కల పుస్తకాలు తెరుచుకున్నాయి. పది మూళ్లు ముప్పై. ఐదు ఆర్లు ముప్పై. తరగతి ఒక్కసారిగా, "టీచర్ మోసం జేసింది!" అని అరిచింది.

"నేనేం జేసిన?" అంది పూలి అమాయకంగా. బోర్డు మీద రాసింది: (2 × 3) × 4 = 2 × (3 × 4). "మీరు బేరమాడి బ్రాకెట్ జరిపిండ్రు. జరిపితే జవాబు మారదు. దీన్నే సహచర ధర్మం అంటరు. వారం నుంచి మీరు మొక్కలకు పోస్తున్నది గదే."

పిల్లలు నమ్మలేదు. నమ్మకపోవడమే పూలికి కావాల్సింది. ఎక్కడో ఒకచోట బ్రాకెట్ జరిపితే పని తగ్గకపోదా అని పలకల మీద పడ్డారు. చిన్న అంకెలు, పెద్ద అంకెలు, సున్నా పెట్టి కూడా చూశారు. బోర్డు మీద చెబితే ఆవులించినవాళ్లు, టీచరును పట్టుకుందామని పీరియడ్ దాటినా లేవలేదు. ఎక్కడా తగ్గలేదు. పూలి వరండాలోకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

చాంది మాత్రం నవ్వలేదు. సంతలో మీసాల తాతలను ముంచిన పిల్ల, బడిలో మునిగింది. ఇంటికి పోతే వాళ్లమ్మే, "ఏందే, టీచరమ్మకు దొరికినవంట?" అని ఎగతాళి చేసింది. మర్నాటి నుంచి చాంది ఒక మూల కూర్చుని పలక మీద ఏదో రాసుకోవడం, పూలి దగ్గరికి వస్తే అరచేత్తో కప్పేయడం. ఇంకా గుణకారంతోనే కుస్తీ పడుతోందనుకుని పూలి జాలిపడింది. ఆ జాలి ఏదో తన మీద తాను పడి ఉంటే బాగుండేది.

ఇంతలో పాఠం చూసే రోజు ఖాయమైంది. అదేమో తీజ్ ఆఖరి రోజు. తండాల్లో తీజ్ అంటే పెళ్లికాని ఆడపిల్లల పండగ. బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు, పూటపూటకూ నీళ్లు పోసి మొలకలు పెంచుతారు, ఆఖరి రోజు ఆ బుట్టలు నెత్తిన పెట్టుకుని పాడుతూ ఆడుతూ వాగుకు పోతారు. మధ్యలో ఒకరోజు రేగు ముళ్లకు నానిన శనగలు గుచ్చుతారు, గుచ్చనీయకుండా మగపిల్లలు కొమ్మ పట్టుకుని ఊపుతారు. అంటే మగపిల్లలకూ ఊపిరాడనంత పనే. పైగా చాందికి ఈ ఏడే మొదటిసారి సొంత బుట్ట. దాని మొలకలు పొడుగ్గా, పచ్చగా వచ్చాయి. ఆ బుట్ట ఇంకొకరి నెత్తిన వాగుకు పోవడమా?

"టీచర్, ఆ రోజు మాకు సెలవు గావాలె," అంది తరగతి ఒక్క గొంతుతో.

పిల్లలు లేకపోతే పూలి పాఠం ఎవరికి చెబుతుంది? తానూ తండా పిల్లే, ఆ బుట్ట బరువు తనకు తెలుసు. కానీ తన తరగతి కూడా తనకు కావాలి కదా. అందుకే తానే ఒక బేరం పెట్టింది.

"ఇగో, వినుండ్రి. రోజుకు ఎనిమిది పీరియడ్లు. ఎనిమిదీ మీకు సెలవే అనుకోండ్రి. అందులకెళ్లి నాలుగు నాకు ఇయ్యాలె, పాఠానికి. ఇంకో రెండు ఇయ్యాలె, వచ్చినోళ్లు మీతోని మాట్లాడుతరు. మిగిలింది మీది." బోర్డు మీద రాసింది: 8 − 4 − 2.

"రెండు పీరియడ్లా? మేం పోయేసరికి బుట్టలు వాగుల కలుస్తయ్!" అని తరగతి ఏడుపు మొహం పెట్టింది. చాంది మాత్రం మెల్లగా లేచి బోర్డు దగ్గరికి వచ్చింది.

"మీ అంకె ఒక్కటి గూడ మార్చను టీచర్. ఎనిమిది మీదే, నాలుగు మీదే, రెండు మీదే. తీసివేతలు గూడ మీయే. బ్రాకెట్ ఒక్కటి నేను పెట్టుకుంట."

అదే సమయానికి వరండాలోంచి హెడ్మాస్టరుగారు, "పూలిగారూ, కుర్చీలు ఎన్ని తెప్పించాలమ్మా?" అని కేకేశారు. పూలికి లోపల నవ్వు పొంగుకొచ్చింది. పిచ్చిపిల్ల, మళ్లీ అదే వలలోకి వస్తోంది, బ్రాకెట్ జరిపితే ఏమొస్తుంది బూడిద, అనుకుంది. "పెట్టుకోవే తల్లీ!"

"మాట తప్పరు గదా?"

"తప్ప."

అరచేతిలో అరచెయ్యి వేసి బేరం ఖాయం చేసుకున్నారు. చాంది బోర్డు మూలన 8 − (4 − 2) అని రాసింది. పూలి దాని వంక చూసీ చూడనట్టు చూసి కుర్చీల సంగతి చూడటానికి వెళ్లిపోయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా?

ఆ రోజు రానే వచ్చింది. ఆడపిల్లలు యూనిఫాం మానేసి అద్దాల గాగ్రాల్లో వచ్చారు. హెడ్మాస్టరుగారు చిరాకుపడ్డారు గానీ, వచ్చేవాళ్లకు చూడముచ్చటగా ఉంటుందిలే అని పూలి సర్దిచెప్పింది. అతిథులు ఎలాగూ చెప్పిన వేళకు రారు కదా, ఒక పీరియడ్ గడిచాక వచ్చారు. పదిమంది టీచర్లు, వాళ్లకు పెద్దగా మండలం నుంచి రవికుమార్ సారు. టీ తాగి కూర్చునేసరికి రెండో పీరియడ్ సగమైంది.

పాఠం మాత్రం పరుగెత్తింది. రవికుమార్ సారు తానే లేచి బోర్డు మీద 17 × 5 × 2 రాశారు. చాక్‌పీసు కింద పెట్టకముందే చాంది, "నూట డెబ్బై సార్," అంది.

"అంత జల్దీ ఎట్ల చేసినవ్?"

"ముందు ఐదు రెళ్లు పది. పదిహేడు పదులు నూట డెబ్బై."

"పదిహేడు ఐదులు ఎవడు జేస్తడు సార్, తలనొప్పి," అని బిచ్యా వెనక నుంచి కలిపాడు. టీచర్లు నవ్వారు. హెడ్మాస్టరుగారి మొహం కూడా విచ్చుకుంది. పూలికి నేల మీద కాళ్లు ఆనడం లేదు.

అప్పుడు రెండో పీరియడ్ అయిపోయిన గంట కొట్టింది. తరగతి మొత్తం లేచి నిలబడింది. సంచులు భుజాలకెక్కాయి.

"ఏయ్, ఎక్కడికి?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"సెలవు సార్," అంది చాంది. "ఇయ్యాల మాకు ఆరు పీరియడ్లు సెలవు. టీచర్ ఇచ్చింది."

"ఆరా? రెండు!" అంది పూలి.

చాంది బోర్డు దగ్గరికి నడిచింది. సంతలో తక్కెడ పట్టుకున్నంత నింపాదిగా చాక్‌పీసు పట్టుకుంది. "మీరు చెప్పింది: ఎనిమిదిల నాలుగు పోతే నాలుగు, దాంట్ల రెండు పోతే రెండు. నేను పెట్టింది: ముందు బ్రాకెట్. నాలుగుల రెండు పోతే రెండు. ఎనిమిదిల రెండు పోతే ఆరు. మీరు పెట్టుకోమన్నరు. చెయ్యి గూడ కలిపిండ్రు."

పూలి బోర్డు వంక చూసింది. చూస్తూనే ఉండిపోయింది. గుణకారంలో మారని బ్రాకెట్ తీసివేతలో మారుతుందని లెక్కల టీచరుకు తెలియదా? తెలుసు. కానీ గెలుపు నెత్తికెక్కినవాళ్లకు తెలిసింది కూడా గుర్తురాదు. ఆ పిల్ల పలక కప్పుకుని ఏం చేసిందో ఇప్పుడర్థమైంది. కూడిక, తీసివేత, భాగహారం, అన్నిటిలోనూ బ్రాకెట్లు జరిపి చూసింది. ఎక్కడ కదులుతుందో అక్కడ పట్టుకుంది.

"మరి గుణకారంలో కూడా ఇట్లనే మారుతదా?" అని రవికుమార్ సారు నవ్వు ఆపుకుంటూ అడిగారు.

"గుణకారంల బ్రాకెట్ ఎటు జరిపినా మునిగేది మేమే సార్," అన్నాడు బిచ్యా. "తీసివేతల జరిపితే టీచర్ మునుగుతది."

అంతే. గాగ్రాల అద్దాలు తళతళమంటూ గుమ్మం దాటాయి. వెనకే మగపిల్లలు. గదిలో కుర్చీల నిండా టీచర్లు, బెంచీల మీద ఒక్క పిల్ల లేదు.

"పిలవండమ్మా వాళ్లను! పరువు పోయింది!" అన్నారు హెడ్మాస్టరుగారు.

"నేను పిలిస్తే వస్తరు సార్," అంది పూలి. తరగతి చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది. "కానీ బేరం కుదిరినంక మాట తప్పితే రేపటి నుంచి నా మాట ఎవరింటరు? పిలవను సార్."

"చూశారా?" అని ఆయన రవికుమార్ సారు వైపు తిరిగారు. "ఏమీ అనుకోకండి. దీపావళి తర్వాత ఈ తరగతి లెక్కలు నేనే తీసుకుంటున్నాను."

ఆ మాట కిటికీ బయట చెప్పులు వెతుక్కుంటున్న చాంది చెవిన పడింది. ముందు మొహం వాడిపోయింది. "మా టీచర్ రాదా?" అంది. తర్వాత ఏమనుకుందో ఏమో, కిటికీ ఊచలు పట్టుకుని హెడ్మాస్టరుగారిని పైనుంచి కిందికి చూసింది. సంతలో కొత్త గిరాకీని చూసే చూపది. వెనక్కి తిరిగి గొంతెత్తింది.

"ఒరేయ్ బిచ్యా! దీపావళి దాటినంక హెడ్సారుతోని బేరమంట!"

తరగతి మొత్తం కిటికీ మీద పడింది. "సార్, మీరొస్తరా? మస్తుంటది సార్! రోజుకు ఎన్ని లెక్కలిస్తరు సార్? ఇంటర్వెల్ ఎంత సేపు సార్? బ్రాకెట్ మేమే పెట్టుకుంటం సార్!" ఆ ఉత్సాహం చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరించాల్సిందే. హెడ్మాస్టరుగారు చొక్కా సర్దుకున్నారు. చెమట తుడుచుకున్నారు.

రవికుమార్ సారు ఇక ఆపుకోలేక పడీపడీ నవ్వారు. "తీసుకోండి సార్, తీసుకోండి. మీ ఎర్రుపాలెం తోట మాత్రం ముందే ఎవరి పేరు మీదన్నా రాసిపెట్టండి."

చివరికి వెంకటరామారావుగారు బల్ల మీది చాక్‌పీసు తీసి పూలి ముందు పెట్టారు. "మీ తరగతి మీరే ఉంచుకోండమ్మా. కాకపోతే ఒక్క షరతు..."

పూలి కళ్లు తుడుచుకుని తలెత్తింది. "బేరమా సార్?"

"షరతూ లేదు, గిరతూ లేదు," అని ఆయన గబగబా ఇంకో విడత టీ చెప్పడానికి బయటికి నడిచారు.